నలభై మూడో సెకను

తొమ్మిది మందిని పొట్టన పెట్టుకున్న గ్యాస్ గురించి హెచ్చరించడానికి చేసిన ఆ ఫోన్ కాల్‌లో 'గ్యాస్' అన్న మాట నలభై మూడో సెకనుకు గాని రాలేదు.

డాక్టర్ ఇందుమతి రికార్డింగును మళ్లీ మొదటి నుంచి పెట్టింది. చెవులు తప్పు విన్నాయేమోనన్న ఆశ ఇంకా కొంచెం మిగిలి ఉంది.

"నమస్కారం సార్. నేను ట్రైనీ తవిటినాయుడిని. మీ కంపెనీలో పనిచేసే అవకాశం ఇచ్చినందుకు ముందుగా ధన్యవాదాలు. రెండో బ్లాకులో సిబ్బంది అందరూ ఎంతో సహకరిస్తున్నారు..."

వెనకాల బుస్సుమని చప్పుడు. ఎవరో దగ్గుతున్నారు.

"ఏంటయ్యా, సంగతేంటో తొందరగా చెప్పు!" కంట్రోల్ రూమ్ మనిషి విసుక్కున్నాడు.

"నమస్కారం సార్. నేను ట్రైనీ తవిటినాయుడిని. మీ కంపెనీలో పనిచేసే అవకాశం ఇచ్చినందుకు..."

కుర్రాడు మళ్లీ మొదటికొచ్చాడు. గొంతు వణకలేదు. ఊపిరి మాత్రం ఈల వేసినట్టు వినపడుతోంది. ధన్యవాదాలు అయ్యాయి. సహకారం అయింది. వాల్వు పాతబడటానికి గల కారణాలు అయ్యాయి. నలభై మూడో సెకనులో 'గ్యాస్' అన్నాడు. నలభై ఏడో సెకనులో ఫోన్ కిందపడింది.

ఆ రికార్డింగు తెచ్చిన మనిషి ఆమె ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్నాడు. పేరు అప్పలస్వామి. తవిటినాయుడి తండ్రి. పోలీసులు విచారణకు పిలిచినప్పుడు ఈ రికార్డింగు వినిపించారట. బతిమాలి కాపీ తీసుకున్నాడు.

"మావోడు ఇలాగ మాటాడే మనిషి కాడమ్మా," అన్నాడతను. "సిన్నప్పట్నుంచీ కంటికేటి కనబడితే అదే అరిసీసీవోడు. పొయ్యి మీద పాలు పొంగితే పాలు పొంగిపోతన్నాయనే అంటారు గానీ, ముందు పొయ్యికి దండమెడతారేటి? ఆడికి మీ కాలేజీలో ఏటి నేర్పినారు?"

సంచిలోంచి సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టాడు. 'వ్యాపార సంభాషణలో ప్రథమ శ్రేణి.' కింద ఆమె సంతకం.



రెండేళ్ల క్రితం దాకా ఆ యూనివర్సిటీలో వ్యాపార సంభాషణ అంటే పదిహేను ఉత్తరాలు బట్టీ పట్టడం. పింగాణీ కప్పులు పగిలి వచ్చాయని ఫిర్యాదు ఉత్తరం, ఆ ఫిర్యాదుకు క్షమాపణ ఉత్తరం. పిల్లలు పరీక్షలో ఆ కప్పుల్ని ఏటేటా కొన్ని వేలసార్లు పగలగొట్టేవారు. తీరా ఇంటర్వ్యూకు వెళితే నోరు తెరిచేవాళ్లు నూటికి నలభై మంది లేరు. అప్పుడే మేనేజ్‌మెంట్ విభాగాధిపతి కోదండపాణి, గొంతు నరాల మీద పరిశోధన చేస్తున్న ఇందుమతిని వెతుక్కుంటూ వచ్చాడు.

ఆమె కనిపెట్టింది ఒక్కటే. మనిషి చెడ్డ సంగతి చెప్పబోయే ముందు, మాట బయటికి రాకముందే, గొంతు ఒక రకంగా బిగుస్తుంది. కాదు, లేదు, వద్దు, ప్రమాదం, నొప్పి... ఏ భాషలోనైనా అదే బిగింపు. ఆ బిగింపును పసిగట్టే సన్నటి పట్టీ తయారుచేసింది. పట్టీ మెడకు కట్టుకున్న విద్యార్థి చెడ్డ సంగతిని మొహం మీద కొట్టినట్టు చెప్పబోతే, చిన్న విద్యుత్తు తాకి గొంతు మూగబోతుంది. పాఠ్యపుస్తకం చెప్పిన వరసలో, ముందు కృతజ్ఞత, తర్వాత కారణాలు, ఆ తర్వాత చెడ్డ సంగతి, చివర శుభాకాంక్ష, ఇలా చెబితేనే మాట బయటికొస్తుంది. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే మళ్లీ మొదటి నుంచి. తొంభై రోజులు కట్టుకుంటే నరం ఆ దారికి అలవాటు పడిపోతుంది. పట్టీ తీసేసినా విద్య పోదు. కోదండపాణి కరపత్రాల్లో వేయించిన మాట అదే.

ఇందుమతి ఒకే ఒక్క షరతు పెట్టింది. గుండె వేగం నిమిషానికి నూట ఇరవై దాటిందంటే మనిషి భయంలో ఉన్నట్టు. అప్పుడు పట్టీ నిద్రపోవాలి. భయంలో మనిషి మనిషిలాగే అరవాలి. ల్యాబులో అందరూ దాన్ని 'భయం తలుపు' అనేవారు.

ఆ తలుపు తెరిచి ఉండగా నేర్చుకున్నవాడు గ్యాస్ మధ్య నిలబడి ధన్యవాదాలు చెప్పడు.

ఎవరో తలుపు మూసేశారు.

మొదటి బ్యాచ్‌లో పట్టీ కట్టుకున్నవాళ్లు రెండు వందల పన్నెండు మంది. తవిటినాయుడు వాళ్లలో ఒకడు. మేఖల ఇంకొకతె.

మేఖల ఇందుమతి కూతురు.

*

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. మేఖల వంటింట్లో కంచాలు పెడుతోంది.

ఒకప్పుడు 'ఈ ఉప్మా గోడకు కొడితే అంటుకుంటుంది' అని కంచం అవతలికి తోసేసే పిల్ల అది. పట్టీ కట్టుకున్నాక ఎంత నెమ్మదస్తురాలైందో అని చుట్టాలందరూ మెచ్చుకుంటుంటే ఇందుమతి పొంగిపోయింది.

"కూర ఎలా ఉందే?" అంది, పరీక్షకని తనే చాటుగా గుప్పెడు ఉప్పు ఎక్కువ వేసి.

"చాలా శ్రమపడి చేశావమ్మా. వంకాయలు లేతగా ఉన్నాయి," అంది మేఖల. ముద్ద మింగలేక కళ్లనీళ్లు పెట్టుకుంది.

అది భయం కాదు, మర్యాద. మర్యాదకు పట్టీ పనిచేయడంలో వింత లేదు. ఇందుమతి తనకు తాను అలా సర్దిచెప్పుకుంది. భయం వేసినప్పుడు ఏమవుతుందో ఎలా చూడాలి? కన్నకూతుర్ని కావాలని భయపెట్టడం ఎలా? ల్యాబులో ఏదైనా ఉపాయం ఉంటుంది, వెంటనే తీసుకెళ్లాలనుకుంది.

"పద, ల్యాబుకి వెళ్దాం. కారు తీస్తాను, వెనక చూడు."

రోజూ చేసే పనే. ఇరుకు సందు, వెనక పిట్టగోడ. ఇందుమతి రివర్సు వేసింది. మేఖల గోడ దగ్గర నిలబడి చెయ్యి ఊపుతోంది.

"రా అమ్మా... రా... ఇంకొంచెం రా..."

ఇందుమతి ఆలోచన రికార్డింగు మీద ఉంది. కాలు కాస్త ఎక్కువ నొక్కింది.

"అమ్మా, నువ్వు ఈమధ్య రివర్సు చాలా బాగా చేస్తున్నావు," అంది మేఖల.

ఆ గొంతు ఎంత మామూలుగా ఉందంటే ఇందుమతి కాలు తీయలేదు. అద్దంలోకి చూసింది. అద్దంలో కూతురి కనుగుడ్లు బయటికొచ్చేలా ఉన్నాయి. పెదాలు మాత్రం నిదానంగా కదులుతున్నాయి. "సందు ఇరుకైనా నువ్వు కంగారు పడవు..."

బ్రేకు తొక్కేలోపే ఎముక చిట్లిన చప్పుడు వినబడింది.

ఇందుమతి కారు ముందుకు తీసి పరుగెత్తింది. మేఖల గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది. "ఎక్కడే? ఎక్కడ తగిలింది?" అని అడిగిందామె.

"అమ్మా, నా గురించి నువ్వెంత శ్రద్ధ తీసుకుంటావో నాకు..."

"ఎక్కడ తగిలిందో చెప్పవే తల్లీ!"

"అమ్మా, నా గురించి నువ్వెంత శ్రద్ధ..."

ఇందుమతి చేత్తో తన నోరు తానే మూసుకుంది. అడ్డురాకూడదు. పూర్తిగా విని తీరాలి. కూతురి మొహం మీంచి చెమటా కన్నీళ్లూ కలిసి కారుతున్నాయి.

"...నాకు తెలుసు. కారు జాగ్రత్తగానే తీశావు. గోడకీ కారుకీ మధ్య చోటు తక్కువ కాబట్టి కాస్త ఇబ్బంది వచ్చింది. నా కుడి మోకాలు విరిగింది. నువ్వు ఏదో ఒకటి చేస్తావని నాకు నమ్మకం."

ఆసుపత్రిలో పిండికట్టు వేశారు. నర్సును కాగితం అడిగి తీసుకుంది మేఖల. 'ప్రియమైన అమ్మకు, ముందుగా నా కృతజ్ఞతలు' అని రాసి, పెన్ను విసిరికొట్టింది. రాసేటప్పుడు కూడా మనిషి గొంతు లోలోపల పలుకుతూనే ఉంటుంది. ఆ సంగతి మీద ఇందుమతి పదేళ్ల క్రితం ఒక వ్యాసమే రాసింది.

*

మర్నాడు పొద్దున్నే ఆమె ల్యాబులో పట్టీల యంత్రం ముందు కూర్చుంది. భయం తలుపు అంకె దగ్గర నూట ఇరవై లేదు. రెండు వందల నలభై ఉంది. మనిషి గుండె అంత వేగంగా కొట్టుకునేసరికి అరవడానికి ప్రాణం మిగలదు.

పక్కన, ఆ అంకె చివరిసారి మారిన తేదీ. ఆగస్టు తొమ్మిది.

ఇందుమతి వేళ్లు మడిచి లెక్కపెట్టింది. మేఖల పట్టీ కట్టుకుంది జూన్ తొమ్మిదిన. తీసేసింది సెప్టెంబరు ఆరున. అంటే మొదటి అరవై ఒక్క రోజులూ తలుపు తెరిచే ఉంది!

పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లకు ఆమె వైద్యం చేసేది. ఆ అనుభవం ప్రకారం, ఈ తొంభై రోజుల్లో పాత దారి కనీసం నలభై అయిదు రోజులు బతికి ఉన్న నరాన్ని మళ్లీ మేల్కొలపొచ్చు. ఆరు నెలలో, ఏడాదో పడుతుంది. తొంభై రోజులూ పాత దారి మూసుకుపోయిన నరాన్ని మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. మేఖలకు అరవై ఒక్క రోజులున్నాయి. చాలు. మేఖల మళ్లీ కంచం తోసేస్తుంది. మళ్లీ 'అమ్మా, ఆగు' అని అరుస్తుంది.

ఆ ఆశతోనే ఆమె కోదండపాణి గదిలోకి నడిచింది.

"రండి ఇందుమతిగారూ. మీకోసమే చూస్తున్నాను." ఆయన ఒక కాగితం ముందుకు జరిపాడు. "విచారణ కమిటీకి పంపాలి. ఆ అబ్బాయి భయంలో తడబడ్డాడు, పట్టీకీ దానికీ సంబంధం లేదు అని రెండు ముక్కలు. సంతకం పెట్టేయండి."

"తడబడలేదు సార్. మీరు మార్కులు వేసే పద్ధతిలో పదికి పది వచ్చేలా మాట్లాడి చచ్చిపోయాడు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"రెండో బ్యాచ్‌లో నాలుగు వందల మంది మెడలకు పట్టీలున్నాయి. ఇవాళే తీయించండి," అంది ఇందుమతి.

"ఇప్పుడా? వచ్చేవారం కంపెనీలు వస్తున్నాయండీ! ముప్పై ఒక్క శాతం ఉద్యోగాలు తొంభై నాలుగు శాతం అయ్యాయి. ఎంతమంది తల్లిదండ్రులు నా కాళ్లు పట్టుకున్నారో మీకు తెలుసా?"

"నా కూతురు కాలు విరిగిందని చెప్పడానికి ముందు నాకు కృతజ్ఞతలు చెప్పింది. మీకు తెలుసా?"

 ఇందుమతి బల్ల మీదికి వంగింది. "ఆగస్టు తొమ్మిదిన భయం తలుపు మూసింది మీరేనా?"

"నేనా? నా ఫోన్‌లో అలారం పెట్టడానికి మా మనవణ్ణి పిలుస్తానమ్మా!" ఆయన గొంతులో భయం నిజమైనదే. "ఫలితాలు కావాలన్నాను. ఒట్టు, అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆగస్టు తొమ్మిది అంటున్నారు, ఆ రోజు రెండో శనివారం. సెలవు. సెలవు రోజు ల్యాబు తాళం ఎవరి దగ్గర ఉంటుందో నన్నడుగుతారేమిటి?"

తాళం ఒక్కరి దగ్గరే ఉంటుంది. పైడిరాజు. పట్టీలకు ప్రోగ్రాం రాసిన కుర్రాడు, ఆమె చెయ్యి పట్టుకుని పని నేర్పినవాడు. ఎవరికే కష్టమొచ్చినా ముందు పరుగెత్తే మనిషి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు అతణ్ణి అన్నా అని పిలుస్తారు, సార్ అనరు.

 ఇందుమతి ల్యాబు వైపు నడిచింది.

*

పైడిరాజు పట్టీలు వరసగా పేర్చి గుడ్డతో తుడుస్తున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. మొహం కడుక్కుని చాలా రోజులైనట్టుంది.

"పైడిరాజూ, అంకె మార్చింది నువ్వేనా?"

అతను తల ఊపాడు.

"ఆగస్టు తొమ్మిదినే కదూ? దానికి ముందు తలుపు తెరిచే ఉంది కదూ? అదొక్కటి చెప్పు. నిన్ను ఇంకేమీ అడగను. మేఖలకు అరవై ఒక్క రోజులున్నాయని చెప్పు చాలు."

పైడిరాజు నోరు తెరిచాడు. గొంతు దగ్గర ఒక నరం బిగిసి, వదిలింది.

"మేడమ్, ముందుగా మీకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి."

ఇందుమతి అతని మెడ వైపు చూసింది. అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పాల్సినవాడు. రెండేళ్ల క్రితం 'నానేటి సేసేది మేడమ్' అంటూ ల్యాబంతా నవ్వించినవాడు.

"నువ్వు... నువ్వు కూడా కట్టుకున్నావా?"

"మేడమ్, ముందుగా మీకు కృతజ్ఞతలు చెప్పుకోవాలి," అన్నాడు పైడిరాజు మళ్లీ. అతని కళ్లు ఆమెను వేడుకుంటున్నాయి.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. పెదాలు బిగించింది. అడ్డురాకుండా వినడం తప్ప చేయగలిగింది లేదు.

"ఈ ల్యాబులో నాకు కుర్చీ వేసింది మీరు. నా ఇంగ్లీషు చూసి నవ్వనివాళ్లలో మీరు మొదటివారు. మీ దగ్గర నేర్చుకున్నంత నేను ఇంజనీరింగు నాలుగేళ్లలోనూ నేర్చుకోలేదు.

"మాది చేపలవాళ్ల పేట. మా బడిలో ఇంగ్లీషు మాస్టారు లేరు. చదువయ్యాక పదకొండు ఇంటర్వ్యూలకు వెళ్లాను. ఒకచోట 'మీ బలహీనత ఏమిటి' అని అడిగారు. భయంలో 'మీరే సార్' అన్నాను. బల్ల చుట్టూ అయిదుగురూ నవ్వారు. బయట కూర్చున్నవాళ్లకు చెప్పుకుని మళ్లీ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"పట్టీ తయారైనప్పుడు మొదట నేనే కట్టుకుని చూశాను. నమూనా ఇంటర్వ్యూ అనగానే నా గుండె నూట ముప్పై దాటేది, పట్టీ నిద్రపోయేది. పెద్ద బళ్లలో చదివిన పిల్లలకు ఎనభై దాటదు. వాళ్లకు పట్టీ రోజంతా పాఠం చెబుతుంది. మాలాంటివాళ్లకు అవసరమైన క్షణంలోనే వదిలేస్తుంది. మీరు పెట్టిన తలుపు భయం లేనివాళ్లకు పనికొచ్చింది, భయపడేవాళ్లను బయట నిలబెట్టింది. అలాంటి పిల్లలు మొదటి బ్యాచ్‌లో నూట నలభై మంది. అందుకని నా పట్టీకి తలుపు తీసేసి తొంభై రోజులు కట్టుకున్నాను. ఎండాకాలం అయ్యేసరికి వైస్ ఛాన్సలర్ ముందు కూడా వణకకుండా మాట్లాడాను. ఈ సుఖం ఆ పిల్లలకు కూడా ఇవ్వాలనుకున్నాను. మీరు ఒప్పుకోరని తెలుసు కాబట్టి అడగలేదు.

"ఆగస్టు తొమ్మిది గురించి చెప్పాలి. దానికి ముందురోజు మీ తనిఖీ. వస్తున్నట్టు మీరు ముందే కబురు పంపారు. మన దగ్గర తనిఖీ అంటే అన్నీ సర్ది చూపించడమే కదా మేడమ్, రిజిస్టర్లయినా, మరుగుదొడ్లయినా. నేనూ సర్దాను. మీరు చూడటానికి నూట ఇరవై అని పెట్టాను. మీరు చూసి, నా భుజం తట్టి వెళ్లారు. మర్నాడు సెలవు రోజు వచ్చి మళ్లీ రెండు వందల నలభై చేశాను. ఆ తేదీ అక్కడ మిగిలింది అందుకే.

"సెప్టెంబరులో మా పాప డాబా పిట్టగోడ ఎక్కింది. దిగు అని అరవబోయాను. 'చాలా బాగా ఎక్కావు తల్లీ' అన్నాను. అది నవ్వి ఇంకో కాలు కూడా పైకి పెట్టింది. మా ఆవిడ చూసి లాగింది కాబట్టి పాప ఉంది. నేను ఏం చేశానో నాకు ఆ పూట తెలిసింది. మీకు చెప్పాలని మూడుసార్లు మీ ఇంటికొచ్చాను. మూడుసార్లూ మీరు కాఫీ ఇచ్చారు. నేను కృతజ్ఞతలు పూర్తిచేసేలోపు మీకు ఫోనో, ఎవరో ఒకరో వచ్చేవారు. మళ్లీ మొదలుపెట్టే ధైర్యం లేక లేచి వెళ్లిపోయాను. నేను మూడోసారి వచ్చేనాటికి తవిటినాయుడు కంపెనీలో చేరి వారమైంది.

"తలుపు మూసింది నేను. మూసింది జూన్ ఎనిమిదిన, మేఖలమ్మ మెడకు పట్టీ కట్టడానికి ముందురోజు. మీ తనిఖీ జరిగిన ఆ ఒక్క పూట తప్ప తొంభై రోజులూ మూసే ఉంది. తవిటినాయుణ్ణీ, తక్కిన ఎనిమిది మందినీ చంపింది నేను. మేఖలమ్మ గొంతు ఇక తిరిగి రాదు, దానికి కారణం కూడా నేనే.

"ఇంతసేపు ఓపికగా విన్నందుకు చాలా సంతోషం మేడమ్. మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి. మీకూ, మేఖలమ్మకూ ఇకమీదట అంతా మంచే జరగాలని కోరుకుంటున్నాను."